పసిడి నేల మీద రంగు

తార్నాక చౌరస్తా నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో దక్కన్ కాగితపు చరిత్ర చాలా భాగం దొరుకుతుంది. రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల నాటి పాలనా పత్రాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. అక్కడి పత్రాలన్నిటిలోకీ పాతది 1406 నాటిది, బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా కాలపుది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయపు అరబీ, ఫారసీ, ఉర్దూ రాతప్రతులు అక్కడికే చేరాయి. అదే ప్రాంగణంలో దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. 1888లో పుట్టిన ఈ సంస్థ పని పాత అరబీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేయడం.

ఇంత కాగితంలోనూ బంగారం తగిలినది బహు స్వల్పం. మొఘలు పత్రాల్లో అత్యధికం జీతాల లెక్కలు, సిపాయిల ఆనవాళ్లు, గుర్రాల గుర్తులు, జాగీరు హిసాబులు. వాటికి మసి సిరా చాలు. బంగారం దక్కింది ఖురాను తొలి పుటలకూ, కొలువులకు కానుకగా వెళ్లే కావ్యప్రతులకూ, పాదుషా పేరు మోసే కొన్ని ఫర్మానాలకూ. అలాంటి పుటల గురించి రాసినప్పుడు మన చరిత్రకారులు రాయించిన ప్రభువు పేరు చెబుతారు, రాతగాడి పేరు చెబుతారు, శైలి హెరాతుదా షీరాజుదా అని తర్కిస్తారు. నున్నటి బంగారం మీద ఆ నల్లగీత, ఆ ఎర్రపువ్వు నాలుగు వందల ఏళ్లుగా రాలిపోకుండా ఎలా నిలిచాయన్నది మాత్రం అడగరు. అది పనివాళ్ల సంగతి అనుకుంటారు. పనివాళ్లేమో రాసిపెట్టింది తక్కువ. అయినా రాసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో పాతదీ స్పష్టమైనదీ ఒకటి మన పొరుగునే పుట్టింది.

ముందు ఇబ్బంది ఎక్కడుందో చూడాలి. ఏ రంగయినా రెండు వస్తువుల కలయిక: పొడి, ఆ పొడిని పట్టి ఉంచే జిగురు. కాగితం మీదో సున్నపు గోడ మీదో పూసినప్పుడు జిగురునీరు లోపలికి ఇంకుతుంది. ఎండాక పొడి అక్కడి పీచునో గరుకునో పట్టుకుని ఉండిపోతుంది. బంగారంలోకి ఏదీ ఇంకదు. తుప్పు పట్టదు కాబట్టి దాని ముఖం ఏళ్లు గడిచినా నునుపుగానే ఉంటుంది. రంగుకు పట్టు దొరకదు. దానికి తోడు జిడ్డు. అప్పుడే శుభ్రపరచిన బంగారం మీద నీళ్లు బాగానే పరుచుకుంటాయి. కాసేపు గాలి తగిలి, వేలి చెమట అంటిందంటే ఆ నీళ్లే ముత్యాలు కట్టి జారిపోతాయి. కుంచెతో గీసిన గీత మధ్యలో తెగి చుక్కలుగా విడిపోవడం బంగారం మీద రంగు వేయబోయిన ప్రతివాడూ చూసే మొదటి వింత.

దీనికి రెండు దారులున్నాయి. రంగును బంగారానికి తగినట్టు మార్చుకోవడం ఒకటి. బంగారాన్నే రంగుకు తగినట్టు తయారుచేసుకోవడం మరొకటి. యూరపు చిత్రకారులు ఎక్కువగా మొదటి దారి పట్టారు. దక్కన్ పనివాళ్లు ముందు రెండో దారి పట్టి, ఆ తర్వాతే మొదటిదాన్ని అవసరమైన మేరకు వాడుకున్నారన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం. రాతప్రతుల పుటల్లో రంగు నిలిచిన తీరుకు దీనికన్నా మంచి వివరణ నాకు కనబడలేదు.

రెండో దారికి లిఖిత సాక్ష్యం మానసోల్లాసం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో దీన్ని రచించాడు. కల్యాణి అంటే నేటి బసవకల్యాణం, బీదరు జిల్లా. 1956 దాకా హైదరాబాదు రాజ్యంలోని ఊరే. రాజు తెలుసుకోవలసిన విషయాలన్నీ, వంటలు, వేట, ఏనుగుల పోషణ, రత్నపరీక్ష, సంగీతం, అన్నీ ఇందులో ఉన్నాయి. చిత్రకళ గురించిన భాగం ఉన్న రెండో సంపుటం బరోడా గైక్వాడు ప్రాచ్య గ్రంథమాలలో 1939లో అచ్చయింది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించిందీ ఆ ఏడాదే. రెంటికీ సంబంధం లేదు, కానీ ఆ భవనంలో చరిత్ర చదువుకున్న మొదటి తరాలకు సోమేశ్వరుడు కొత్తగా అచ్చయిన రచయిత అన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

సోమేశ్వరుడు బంగారం పని చెప్పే తీరు చేతిపని తెలిసినవాడిది, లేదా తెలిసినవాడి పక్కన కూర్చుని రాసుకున్నవాడిది. మేలిమి బంగారాన్ని రాతి మీద బాగా నూరాలి. నూరినదాన్ని కంచుపాత్రలో వేసి, నీళ్లు పోసి కలిపి, ఆ నీటిని వంచెయ్యాలి. మళ్లీ పోసి మళ్లీ వంచాలి. నూరేటప్పుడు రాయి కూడా అరిగి బంగారంలో కలుస్తుంది. ఆ రాతిపొడి పూర్తిగా పోయేదాకా ఇలా కడుగుతూనే ఉండాలి. బంగారం బరువైనది కాబట్టి నీటితో పాటు పోదు, అడుగునే ఉంటుంది. చివరికి మిగిలిన ముద్ద లేతసూర్యుడి కాంతితో ఉంటుంది. దాన్ని వజ్రలేపంతో కలిపి, కుంచెతో కావలసిన చోట పూయాలి. ఆరాక అడవిపంది కోరతో మెల్లగా రుద్దాలి, మెరుపులా మెరిసేదాకా.

ఇందులో నమ్మకానికి వదిలేసిన మాట ఒక్కటీ లేదు. ఘన సెంటీమీటరు బంగారం బరువు 19.3 గ్రాములు, రాతిపొడిలో ప్రధానమైన స్ఫటికపు బరువు రెండున్నర గ్రాములు దాటి కొంచెం. ఒకే పాత్రలో కలిపి నిలబెడితే బంగారం ముందు కూర్చుంటుంది, రాతిపొడి ఇంకా నీటిలో తేలుతూ ఉంటుంది. ఈ తేడాను కొలిచి రాసినవాడు సోమేశ్వరుడికి వందేళ్ల ముందటి అల్‌బిరూనీ. లోహాన్ని నీటిలో ముంచి, పక్కకు పొర్లిన నీటిని తూచి, ఏ లోహం ఎంత బరువో పట్టిక వేశాడు. రత్నాల గురించీ లోహాల గురించీ ఆయన రాసిన కితాబుల్ జమాహిర్ 1936లో దాయిరతుల్ మఆరిఫ్ ముద్రణగా వెలువడింది. ఆయన కొలతలను చాలావరకు భద్రపరచిన అల్‌ఖాజినీ గ్రంథం, మీజానుల్ హిక్మా, కూడా ఇదే సంస్థ 1940 ప్రాంతంలో అచ్చువేసింది. అల్‌ఖాజినీ ఆ పుస్తకం రాసింది పన్నెండో శతాబ్దం మొదటి పాతికేళ్లలో, సోమేశ్వరుడి సమకాలికుడే. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. మెర్వులో తక్కెడతో తేల్చిన విషయమే కల్యాణిలో కంచుగిన్నెలో తేలింది.

వజ్రలేపం పేరు గంభీరంగా ఉంది గానీ వస్తువు మామూలుదే. బర్రెతోలును నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి, చిక్కబరచి, కడ్డీలుగా ఎండబెట్టుకునే జిగురు. వడ్రంగులు సరేసు అనే దానికి దగ్గరి చుట్టం. పని వేళకు వేడినీటిలో కరిగించుకుంటారు. బంగారం ముద్దలో ఇది కలవడంతోనే పరిస్థితి మారిపోతుంది. గోడకు గానీ కాగితానికి గానీ అంటుకున్నది ఇప్పుడు ఏకఖండమైన లోహపు రేకు కాదు. లెక్కలేనన్ని సన్నని పలుకులు, వాటి మధ్య జిగురు. కోరతో రుద్దితే పై పలుకులు అణిగి, ఒకదానికొకటి ఆనుకుని మెరుస్తాయి. సందుల్లో జిగురు మాత్రం ఉండనే ఉంటుంది. తర్వాత వచ్చే రంగులోని జిగురు పట్టుకునేది దాన్నే. బయటికి బంగారంలా కనబడే ఆ నేల నిజానికి బంగారు రంగు పూసిన నేల. తేడా అంతా అక్కడే ఉంది.

ఆ నేల మీద ఏ రంగు వేయాలి? సోమేశ్వరుడి జవాబు చాలా పొదుపైనది. అంచుల వెంట కాటుక నలుపుతో రేఖ గీయాలి. ఆ తర్వాత బట్టలు, నగలు, పూలు, ముఖంలోని ఎరుపు లత్తుక రసంతో దిద్దాలి. ఆయన రంగుల జాబితాలో శంఖచూర్ణపు తెలుపు, ఇంగిలీకం, జేగురు, హరిదళం, నీలిమందు, రాజావర్తం అన్నీ ఉన్నాయి. అయినా బంగారం పని ముగిశాక ముగింపు చేతికి అందించింది ఈ రెండే. ఇది సర్వచిత్రాలకూ సామాన్యమైన పద్ధతిగా ఆయన చెప్పినదే, బంగారం కోసం ప్రత్యేకంగా చెప్పింది కాదు అని ఎవరైనా అనవచ్చు. అనవచ్చు, కానీ వరస గమనించండి. బంగారం మెరుగు పెట్టిన వెంటనే వచ్చే మాటలు ఇవి, బంగారం తర్వాత కుంచె తాకేది ఈ రెంటినే.

ఈ రెంటి గుణం చూస్తే ఆ ఎంపికకు కారణం తెలుస్తుంది. దీపపు మసి రంగుపొడులన్నిటిలోకీ సన్ననిది. దాని రేణువు ఎంత చిన్నదంటే, పలచటి గీతలో కూడా నలుపు తగ్గదు. గీత మందం లేకుండానే కనిపిస్తుంది. మందం లేని పొర ఎండేటప్పుడు పెద్దగా ముడుచుకోదు కాబట్టి నేల నుంచి లేవదు. లత్తుక సంగతి వేరు. అది లక్క పురుగు నుంచి తీసే రంగు. పొడి కాదు, రసం. వెలుతురు దానిలోంచి దూరి, కింది బంగారానికి తగిలి, మళ్లీ ఎరుపులోంచే వెనక్కి వస్తుంది. తెల్లకాగితం మీద లత్తుక గులాబీలా కనబడితే, మెరుగు పెట్టిన బంగారం మీద కెంపులా వెలుగుతుంది. బంగారాన్ని కప్పేయకుండా దానికే రంగు పులిమే పదార్థం ఇది. కప్పేసే రంగే వేయదలిస్తే కింద బంగారం ఎందుకు పూసినట్టు?

ఇదే ప్రశ్న నాలుగు శతాబ్దాల తర్వాత గోల్కొండ పనివాళ్ల ముందుకు మరింత కఠినంగా వచ్చింది. ఇబ్రహీం కుతుబ్‌షా మన కవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఈయనకే. ఈయన ఏలుబడిలో, 1572లో, గోల్కొండలో జఖీరా ఎ ఖ్వారజమ్‌షాహీ అనే ఫారసీ వైద్య గ్రంథానికి ఒక ప్రతి తయారైంది. ఇప్పుడది డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. గ్రంథకర్త జుర్జానీ పన్నెండో శతాబ్దపు వాడు, సోమేశ్వరుడి కాలంవాడే. మందుల పుస్తకానికి అంత అలంకారం ఎందుకో ప్రభువుకే తెలియాలి గానీ, గోల్కొండ బంగారు పని తొలినాళ్లలోనే ఎంత పక్వమైందో చెప్పడానికి దానికి మించిన సాక్ష్యం లేదు. తర్వాతి తరానికి చెందిన కులీ కుతుబ్‌షా కవితల సచిత్ర ప్రతి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. హైదరాబాదులో ఉన్నవారు దేశం దాటకుండా చూడదగ్గది అది.

ఇరాన్ నుంచి వచ్చిన తజ్‌హీబ్ అలంకరణలో బంగారం అంచుల్లో ఒదిగి ఉండేది కాదు, పుటంతా పరుచుకునేది. పుస్తకం మొదట వచ్చే శమ్సా, అంటే సూర్యబింబంలాంటి వృత్తం, ఆ తర్వాతి పుటలో శీర్షిక పట్టీ, వీటిలో బంగారం, నీలం సమానంగా పోటీపడతాయి. మధ్యలో తీగలు, పువ్వులు, మొగ్గలు ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో తిరుగుతాయి. కాటుక, లత్తుకలతో సరిపెట్టుకోవడానికి ఇక్కడ కుదరదు.

పని నడిచే తీరు ఇది. కాగితానికి ముందు ఆహార్ పట్టిస్తారు: గంజి, లేదా గుడ్డు తెల్లసొన. ఆరాక అకీకు రాయితో చేసిన మొహ్రాతో రుద్ది నునుపు చేస్తారు. నమూనాను సన్నటి బొక్కలు పొడిచిన కాగితం నుంచి బొగ్గుపొడితో దించుకుంటారు. ముందు దిగేది బంగారం. రేకును వేలికొసతో పింగాణీ పళ్లెంలో జిగురు, తేనె వంటి చిక్కటి పదార్థంలో గంటల తరబడి నూరి, కడిగి, అడుగున చేరినదాన్ని మళ్లీ పలచటి జిగురుతో కలుపుకుంటారు. హల్ అనేది దీన్నే. సోమేశ్వరుడి రాతికల్వం పోయి వేలు వచ్చింది, తేనె వచ్చింది. కడిగే పద్ధతి మాత్రం అదే. పూసి ఆరాక, ఏ భాగం మెరవాలో దానికే అకీకు తగిలిస్తారు. మిగతాది మెరుగు పెట్టకుండానే వదిలేస్తారు. ఒకే బంగారం మెరుగు పెట్టిన చోట ముదురుగా, పెట్టని చోట లేతగా, రెండు రంగుల్లా కనిపిస్తుంది.

ఆ వదిలేయడం అందం కోసమే అనుకుంటాం. నాకు మాత్రం అందులో రంగు పట్టు కోసం చేసిన లెక్క కూడా కనిపిస్తుంది. మెరుగు పెట్టని బంగారం గరుకు. దాని మీద ఒత్తయిన రంగు నిలుస్తుంది. మెరుగు పెట్టిన చోట ఒత్తురంగు పువ్వు వేస్తే ఎండ కాలంలో అది పెచ్చులా లేచే ప్రమాదం ఉంది. అక్కడ తహ్రీరు, అంటే నల్లటి అంచుగీత, చాలు. ఈ దృష్టితో ఒక శీర్షిక పట్టీని చూడండి. మెరిసే చోటల్లా సన్నటి నలుపు, అప్పుడప్పుడూ పలచటి ఎరుపు. ఒత్తు తెలుపు, ఒత్తు నారింజ ఉన్న పువ్వులు ఎక్కువగా కూర్చునేది నీలం నేల మీదా, మెరుగు పెట్టని బంగారం మీదా.

నీలం గురించి కొంత ఆగి చెప్పాలి. మంచి లాజవర్దు బదక్షాన్ గనుల నుంచి వచ్చేది. ఇప్పటి అఫ్ఘానిస్థాన్‌లో సరె సంగ్ దాని పాత తావు. ఈ రాయిని మరీ మెత్తగా నూరితే నీలం బూడిదరంగుకు దిగిపోతుంది. అందుకని పలుకు కాస్త పెద్దగానే ఉంచాలి. పెద్ద పలుకును పట్టి ఉంచడానికి జిగురు ఎక్కువ కావాలి, పొర మందంగా పడాలి. నున్నటి బంగారానికి ఇంతకన్నా సరిపడని రంగు మరొకటి లేదు. కాబట్టి తజ్‌హీబ్ పనివాళ్లు లాజవర్దును బంగారం పైన వేయడం తగ్గించి, బంగారం పక్కన వేశారు. బంగారు తీగ చుట్టూ ఉన్న ఖాళీ కాగితంలో నీలాన్ని నింపుతారు; రెంటి సరిహద్దు మీద నలుపో తెలుపో సన్నగీత పరిచి అతుకును కప్పేస్తారు. చూసేవాడికి నీలం మీద బంగారం పాకినట్టు ఉంటుంది. నిజానికి ఒకటి మరొకటి మీద లేదు. రెండూ కాగితం మీదే ఉన్నాయి. బంగారం మీద ఏ రంగు వేయాలన్న ప్రశ్నకు ఒక జవాబు, వేయకుండా ఉండటం.

ఇంగిలీకం, సీసపు తెలుపైన సఫేదా అంత మొండివి కావు. రెండూ బరువైన పొడులు, మెత్తగా నూరవచ్చు, తక్కువ జిగురుతో గట్టి పొర కడతాయి. చిన్న పువ్వు, మొగ్గ, చుక్క లాంటివాటికి ఇవి పనికొస్తాయి. హరిదళం పసుపు బంగారం పక్కన వెలవెలబోతుంది. పైగా అందులోని గంధకం సీసపు సఫేదానూ రాగి రంగులనూ నల్లబరుస్తుంది. దాన్ని దూరంగానే ఉంచారు. జంగాల పచ్చ మరీ ప్రమాదకరం. రాగిని పుల్లని ఆవిరికి పెట్టి తీసిన ఈ పచ్చ కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. ఆకుపచ్చ గీత ఉన్నంత మేరా కాగితం గోధుమరంగుకు తిరిగి, చివరికి చీలిపోతుంది. ఇరాన్ పనివాళ్లు దీనికి విరుగుడుగా కుంకుమపువ్వు కలిపేవారు. వాడిన రంగులన్నిటిలోకీ బంగారానికన్నా కాగితానికి ఎక్కువ చేటు చేసేది ఇదొక్కటే.

ఇక జిగురు. కాగితం పనికి తోలు జిగురు కన్నా చెట్టు బంక నచ్చింది: తుమ్మ బంక, వేప బంక, దిగుమతి అయ్యే అరబీ బంక. బంక నీటిలో సులభంగా కరుగుతుంది, రంగును మార్చదు, ఎండాక మళ్లీ తడిపి వాడుకోవచ్చు. కాగితానికి సరిపోయే పాళ్లలో బంక కలిపితే బంగారం మీద రంగు పొడిపొడిగా రాలిపోతుంది. అందుకని కాస్త పెంచాలి. మరీ పెంచితే పొర ఎండి బిగుసుకుని, పగిలి, అంచులు పైకి లేపుకుంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకు; పాళ్ల లెక్క ఏ గ్రంథమూ సూటిగా చెప్పకపోవడానికి కారణం అదేననుకుంటాను. కొత్త బంక బలం వేరు, నిల్వ బంక బలం వేరు; వానాకాలపు నీటి పాళ్లు వేసవిలో పనికిరావు. ఒక చుక్క తేనె గానీ కలకండ గానీ పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. వేలిగోరు మీద రాసి, ఆరాక వంచి చూసుకుంటే తెలిసిపోయే విషయాన్ని పద్యంలో పెట్టడం ఎందుకని గురువులు అనుకుని ఉంటారు.

గ్రంథాలు అసలు లేవని కాదు. పదకొండో శతాబ్దపు ఉత్తర ఆఫ్రికా పాలకుడు ఇబ్న్ బాదీస్ పేరు మీదున్న ఉమ్దతుల్ కుత్తాబ్‌లో సిరాలు, రంగులు, బంగారు రాత గురించి అధ్యాయాలున్నాయి. గోల్కొండ వెలుగుతున్న కాలానికే ఇరాన్‌లో సాదికీ బేగ్ అనే చిత్రకారుడు కానూనుస్ సువర్ పేరుతో రంగుల తయారీని పద్యాల్లో చెప్పాడు. వీటిలో బంగారాన్ని నూరే సంగతి విస్తారంగా ఉంటుంది, బంగారం మీద రంగును నిలబెట్టే సంగతి కొద్దిగా. నేను పైన అన్నదాన్ని ఇది బలపరుస్తుందే గానీ కాదనదు: నేల సరిగ్గా తయారైతే పైరంగు పెద్ద సమస్య కాదని వాళ్ల అనుభవం.

యూరపు దారి వేరని అన్నాను. 1400 ప్రాంతపు ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీనీ రాసిన చేతిపుస్తకం చూస్తే అక్కడ బంగారం రేకుగానే, ఎర్రమట్టి పూత మీద అతికి, అద్దంలా మెరుగు పెట్టి ఉంటుంది. జరీబట్ట చూపించాలంటే ఆ అద్దం మీద గుడ్డు కలిపిన రంగు నిండుగా పూస్తారు. తర్వాత కొయ్యపుల్లతో నమూనా మేరకు ఆ రంగును గీకేస్తే కింది బంగారం పైకి కనిపిస్తుంది. రంగు బంగారాన్ని గట్టిగా పట్టుకోకపోవడమే ఇక్కడ ఉపయోగపడింది. పట్టు బలంగా ఉంటే గీకడం కుదరదు. జారే గుణాన్ని గెలవలేక దాన్నే పనిముట్టుగా మార్చుకున్న ఆ ఉపాయం మెచ్చుకోదగ్గదే. గుడ్డు తెల్లసొన, ఎద్దు పిత్తం, వెల్లుల్లి రసం వాళ్లు నేలను సిద్ధం చేయడానికీ, రంగు చుక్కలుగా విడిపోకుండా చూడడానికీ వాడుకున్న ఇతర సాధనాలు.

రేకు బంగారం మనవాళ్ల చేతికి రాలేదని కాదు. చార్మినార్ పరిసరాల్లో వరఖ్ కొట్టేవాళ్ల సుత్తుల చప్పుడు ఇటీవలి దాకా ఆ వీధుల గుర్తు. తోలు పొరల మధ్య పెట్టి కొట్టిన బంగారం మిల్లీమీటరులో పదివేలవ వంతుకు పలచబడితే, ఒక్క గ్రాము అర చదరపు మీటరు మేర పరుచుకుంటుంది. హల్ తయారీకి ముడిసరుకు ఈ రేకే. నేరుగా రేకును అంటించి, పైన రంగు వేసే సంప్రదాయం తెలుగువాళ్ల చేతుల్లోనే మరోచోట పెరిగింది. తంజావూరులో నాయక రాజుల కాలం నుంచీ మరాఠా రాజుల కాలం దాకా స్థిరపడ్డ చిత్రకారుల్లో తెలుగు మాట్లాడే రాజు కుటుంబాలు ముఖ్యమైనవి. రెండో శరభోజి కాలంలో, అంటే 1798 నుంచి 1832 దాకా, ఈ పని బాగా వర్ధిల్లింది. పలక మీద బట్ట అతికి, సుద్ద, జిగురు కలిపిన ముద్దతో నగలను, స్తంభాలను, తోరణాలను ఉబ్బెత్తుగా తీర్చి, రాళ్లు పొదిగి, ఆ ఉబ్బు మీద రేకు అంటిస్తారు. అచ్చమైన రేకు కాబట్టి పాత చిక్కు తిరిగి వచ్చింది. ఆ పనివాళ్లు దానితో తలపడలేదు. బంగారం మీద ఎర్రగోధుమ రంగు సన్నగీతలతో సరిపెట్టి, రంగుల వైభవమంతా దేవుడి ఒంటికి, చీరకు, వెనక తెరకు ఇచ్చారు. ఆ ఎర్రగీత సోమేశ్వరుడి లత్తుకకు వారసురాలా కాదా అన్నది తేల్చడం కష్టం. చోటు మాత్రం అదే.

నిర్మల్ చిత్రాల్లో వరస తలకిందులవుతుంది. అక్కడ నల్లటి నేల కిందుంటుంది, బంగారు వన్నె పైకొస్తుంది. హైదరాబాదు ఇళ్లలో నిర్మల్ పలకను చూసి బంగారు పనంటే అదే అనుకోవడం మామూలు. రంగు మీద బంగారం పూయడంలో ఈ వ్యాసం చెప్పే ఇబ్బంది లేదు; జిగురున్న నేల ఏదయినా బంగారాన్ని పట్టుకుంటుంది.

తార్నాక ఆర్కైవ్స్ కాగితాలకు తిరిగి వస్తే, ఫర్మానాల్లో బంగారం మరో రూపంలో ఎదురవుతుంది. జరఫ్షాన్ కాగితం అంటే బంగారు తునకలు చల్లిన కాగితం. జిగురు పట్టించిన తడి కాగితం మీద రేకు ముక్కలను జల్లెడ నుంచి రాల్చి, ఆరాక మొహ్రాతో అణచేస్తారు. రాతగాడు దాని మీదే కలంతో రాయాలి. కుంచె అయితే రంగు నిదానంగా దిగుతుంది, తప్పితే దిద్దుకోవచ్చు. రెల్లు కలానికి ఆ వెసులుబాటు లేదు. అక్షరం కాగితం మీద నడుస్తూ నడుస్తూ ఒక బంగారు తునక ఎక్కుతుంది, దిగుతుంది. సిరాలో బంక చాలకపోతే తునక మీద అక్షరం తెగుతుంది. ఎక్కువైతే సిరా చిక్కబడి కలం ఆగుతుంది. మసి మరీ సన్నగా ఉండటం వల్లే ఈ పని సాధ్యపడింది. అలాంటి కాగితాన్ని భూతద్దం కింద చూస్తే, తునక మీద నడిచిన గీత పక్కన కాగితం మీద ఉన్న గీత కన్నా కొంచెం సన్నగా, కొంచెం మెరుస్తూ కనిపిస్తుంది. సిరా లోపలికి ఇంకక పైనే ఆగిపోవడం వల్ల వచ్చిన మెరుపు అది.

బంగారం మీది రంగుకు పెద్ద శత్రువు మన ఋతువులు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు గాలిలో తడి ఉండదు. జూలై, ఆగస్టుల్లో కాగితం చేతికి మెత్తగా తగులుతుంది. తేమకు కాగితం సాగుతుంది, పొడికి ముడుచుకుంటుంది. బంక పొర కూడా సాగి ముడుచుకుంటుంది గానీ కాగితం లెక్కలో కాదు. మధ్యలో ఉన్న బంగారు పలుకులు అసలు కదలవు. ఏటా ఇలా లాగి వదులుతూ ఉంటే ముందు విడిపోయేది బంగారానికీ పైరంగుకూ మధ్య ఉన్న అతుకు. అందుకే పాత పుటల్లో రాలిపోయిన పువ్వు కింద కాగితం కనబడదు, చెక్కుచెదరని బంగారం కనబడుతుంది. పువ్వు అంచు నల్లగీత మాత్రం అలాగే ఉంటుంది, పలచనిది కాబట్టి. వెండి వాడిన చోట్ల పరిస్థితి వేరు. చిత్రాల్లో నీళ్లు చూపించడానికి పూసిన వెండి గాలిలోని గంధకానికి నల్లబడి, ఏరు బురదగుంటలా తయారవుతుంది.

ఈ అతుకు చిక్కు నేటి రసాయన శాస్త్రానిది కూడా. తార్నాక నుంచి ఉప్పల్ దారిలో ఉన్న రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ 1944లో హైదరాబాదు రాజ్యపు పారిశ్రామిక పరిశోధనాలయంగా మొదలైంది. 1956లో సీఎస్ఐఆర్ కిందికి వచ్చింది. నూనెలు, రెజిన్లు, పైపూతలు దాని పాత పరిశోధనా రంగాలు. పూత నేలను ఎందుకు పట్టుకుంటుంది, ఎందుకు వదిలేస్తుందన్నది అక్కడి రసాయన శాస్త్రజ్ఞులకు రోజువారీ ప్రశ్న. నేటి చిత్రకారుడికి అక్రిలిక్ రంగులు అందుబాటులో ఉన్నాయి. అవి ఎండాక సాగే పొర కడతాయి, బంగారం మీద బంక రంగు కన్నా బాగా నిలుస్తాయి. అదే బజారులో బంగారం పేరుతో దొరికే పొడి చాలావరకు ఇత్తడి. కొన్నేళ్లకే అది పచ్చబడి, గోధుమరంగుకు తిరిగి, పైన వేసిన రంగును కూడా పాడుచేస్తుంది. పాత పద్ధతిలో పని నేర్చుకోదలచిన విద్యార్థి రంగు కొనడానికి ముందు పొడి ఏ లోహమో అడిగి తెలుసుకోవాలి.

రాతప్రతుల సంరక్షణలో ఇప్పుడు తిరిగి రంగు వేయడం నిషిద్ధం. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ తర్వాత ఈ పద్ధతులపై శిక్షణ దేశమంతా విస్తరించింది. లేచిన పెచ్చును తిరిగి కూర్చోబెట్టడమే పని. ఇక్కడ సంరక్షకుడికి ఎదురయ్యేది గోల్కొండ పనివాడికి ఎదురైన చిక్కే, మరింత ఇరుకైన చోట. పెచ్చు కింద ఉన్నది బంగారం, పెచ్చేమో బంకతో కట్టిన రంగు. నీళ్లలో కరిగిన జిగురు ఎక్కువగా దిగితే బంక కరిగి పువ్వు చెదిరిపోతుంది. తక్కువైతే బంగారం పట్టుకోదు. అందుకని చాలా పలచటి జెలటిన్ గానీ చేప జిగురు గానీ తీసుకుంటారు, రెండూ తోలు జిగురు జాతివే. ముందు ఒక చుక్క స్పిరిటు వేస్తే జిగురు చుక్క కట్టకుండా పెచ్చు కిందికి పాకుతుంది. మూడు నాలుగు వెంట్రుకల కుంచె కొనతో, సూక్ష్మదర్శిని కింద, ఒక పెచ్చు అంచున ఆ జిగురు తాకించి, అది లోపలికి పోయాక సిలికాన్ కాగితం అడ్డుపెట్టి మెల్లగా నొక్కుతారు. ఆ తర్వాత పక్క పెచ్చు. ఒక శీర్షిక పట్టీకి ఇలా వారాలు పడుతుంది.